‘మంట’ అన్న మాట వినాలి

మీలో భద్రాచలం రేవులో మునిగి, గోదావరి నీళ్లలో కళ్లు తెరిచి చూసినవాళ్లు ఉండే ఉంటారు. కళ్లు పెద్దగా మండవు. అదే సముద్రపు నీరు కంట్లో పడితేనో, భగ్గుమంటుంది! లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది మరి.

1960లలో స్వీడన్ డాక్టరు టార్‌స్టెన్ ఆల్మేన్‌కు ఈ కళ్లమంటే ఒక చిక్కు విప్పింది. ఎక్స్ కిరణాలకు ఎముక కనబడినట్టు రక్తనాళం కనబడదు. అందుకని అయొడిన్ ఉన్న మందును రక్తంలోకి ఎక్కిస్తారు. ఆస్పత్రుల్లో ‘రంగు మందు’ అనేది దీన్నే. (నిజానికి రంగుతో దీనికి పనిలేదు. అయొడిన్ కిరణాలను అడ్డుకుంటుంది, అంతే.) ఆ రోజుల్లో కాలి నాళాల్లోకి ఈ మందు ఎక్కగానే రోగులు బాధతో విలవిలలాడేవారు. మందన్నాక మండదా అని చాలామంది సరిపెట్టుకున్నారు. ఆల్మేన్ సరిపెట్టుకోలేదు.

రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఏమవుతుందో మీ ఇంట్లో చూశారు కదా? ఊట ఊరుతుంది, ముక్క ముడుచుకుంటుంది. ఇదీ అంతే. పాత మందుల గాఢత రక్తానికి 5 రెట్లు దాటేది. అది తగలగానే పొరలోని కణాలు నీటిని కోల్పోయి ముడుచుకునేవి, వాటి మధ్య సందులు పడేవి.

ఆ మందు అణువు నీటిలో రెండు అయానులుగా విడిపోతుంది. విడిపోని అణువును తయారుచేస్తే, అంతే అయొడిన్‌కు రేణువులు సగమే! ఈ ఆలోచనను ఆల్మేన్ 1969లో ప్రచురించారు. 1970లలో నార్వేలో అటువంటి మందు తయారైంది. రక్తంతో దాదాపు సమానమైన గాఢత గల మందులు కూడా ఇప్పుడున్నాయి.

ఇక నా మాట. చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల నుంచి స్కాన్ కోసం ఖమ్మం వచ్చే అవ్వకు కోయ భాష తప్ప తెలుగు అంతగా రాకపోవచ్చు. “కదలకు, కాస్త వేడిగా ఉంటుంది” అని తెలుగులో చెప్పి తలుపు వేసేస్తే చాలదంటాను. ఒళ్లంతా కాసేపు వెచ్చబడటం మామూలే. కాని సూది గుచ్చిన చోటే మంట, వాపు వస్తే మందు నాళం బయటికి కారుతున్నట్టే అనుకోవాలి. దురద పుట్టినా, ఊపిరి ఆడకపోయినా అసలు ఆగకూడదు. అవ్వ ఇవన్నీ తన భాషలో చెబితే అర్థమయ్యే మనిషి అక్కడ ఉండాలి. అంత తీరిక ఎక్కడిదంటారా? నాలుగు కోయ మాటలు నేర్చుకోవడానికి ఒక పూట చాలదూ?

మీకు కోయ వస్తే, అవ్వ వెంట మీరే వెళ్లండి. మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఇదివరకు రంగు మందు పడకపోయినా సూదికి ముందే చెప్పండి.