గుండీ పోయాక మిగిలిన పాట



సిమ్స్ టాబాక్ రచించి, చిత్రించిన ‘జోసెఫ్ హాడ్ ఎ లిటిల్ ఓవర్‌కోట్’ 1977లో వెలువడింది. 1999లో కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చి, మరుసటి ఏడు అమెరికాలో కాల్డికాట్ పతకం పొందింది. తూర్పు ఐరోపా యూదుల యిద్దిష్ జానపదగేయ మొకటి దీనికి మాతృక. ఓవర్‌కోటు చిరిగితే జాకెట్టు, అదీ చిరిగితే చేతుల్లేని కోటు, ఆపై కండువా, టై, రుమాలు, తుదకు గుండీ. పుటలలో కత్తిరించిన రంధ్రాల గుండా తరువాతి దుస్తు ముందే తొంగిచూస్తుంది. పిల్లలు వేలు పెట్టక మానరు!

గుండీ కూడా పోయాక? జానపదుని గేయంలో ఆ శూన్యం నుండి పాట పుడుతుంది. టాబాక్ జోసెఫ్ మాత్రం పుస్తకం వ్రాస్తాడు. మార్పు సముచితమే. అయినా మూలగేయాన్ని స్వరలిపితో సహా చివర అచ్చువేయడమే నాకు గొప్పగా తోచింది. ఆ భాషవారు లక్షల సంఖ్యలో నాజీల మారణహోమంలో హతులయ్యారు. నోటినుండి నోటికి నడిచిన బాణీకి ఆ నోళ్ళే లేకపోతే దిక్కెవరు? కథ ముగిసిందని ఆ పుట తెరవకుండా పుస్తకం మూయడం అన్యాయం.

దీనిని తెనిగింపబూనే వారెవరైనా ఆ పుటను అనుబంధమని విడిచిపెట్టవద్దని నా మనవి. మన సరిగమలలో వ్రాసినా చాలు, ఏ తల్లో పాడుకొంటుంది.