ముందు ఆమె పేరు

మా పద్మనాభం కొండ కింద పండగ నాటకం అంటే రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారి కోడి కూసేదాకా సాగేది. ఆ సాయంత్రం బస్సుకి విజయనగరం నుంచి చంద్రమతి దిగేది. చేతిలో రేకు పెట్టె, చంకలో చంటిబిడ్డ. బడి వరండాలో చాప పరుచుకుని, పెట్టె మూతకు లోపల అతికించిన అద్దంలో చూసుకుంటూ రంగు వేసుకునేది. పిల్లలమంతా కిటికీ ఊచలు పట్టుకుని రెప్ప వేయకుండా చూసేవాళ్లం. హార్మోనియం మాస్టారు శ్రుతి పట్టగానే బిడ్డను మా అవ్వ ఒళ్లో పెట్టి వేదిక ఎక్కేది. హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి శవం మీద పడి ఆమె ఏడుస్తుంటే ఊరు ఊరంతా ఏడ్చేది. ఆమె కన్నబిడ్డ మాత్రం మా అవ్వ ఒళ్లో గాఢంగా నిద్రపోతూ ఉండేది.

మర్నాడు చెరువుగట్టు మీద, రచ్చబండ దగ్గర ఒకటే మాట: చంద్రమతి బాగా కట్టిందని. ఆమె పేరేమిటని అడిగినవాళ్లు లేరు. మేమూ అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ సంపాదకీయం రాయడానికి కూర్చుంటే ముందుగా గుండెలో గుచ్చుకున్నది అదే.

తెలుగు టాకీకి తొలి కథానాయిక సురభి కమలాబాయి. ఆమె కథ కూడా రంగస్థలం మీదే, ఒక చంటిబిడ్డతోనే మొదలవుతుంది. 1907లో ఆమె తల్లి వెంకూబాయి నిండు గర్భిణిగా దమయంతి వేషం కట్టారు. నాటకం నడుస్తుండగానే నొప్పులు వచ్చాయి. చూసేవాళ్లు అదీ నటనే అనుకున్నారట. తెర దించి సంగతి చెప్పాక, పుట్టిన ఆడపిల్ల మీద ప్రేక్షకులు డబ్బులు చల్లి దీవించారని సురభి నాటకాల వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి వేషం ఎందుకు కట్టాల్సి వచ్చిందో కూడా ఆలోచిస్తేనే ఆ కథ మనకు పూర్తిగా అర్థమవుతుంది. డేరా లేచిన ఊళ్లో ఆట పడాలి. ఆట పడితేనే అందరికీ కూడు.

సురభి వాళ్లు ఒకప్పుడు తోలుబొమ్మలాడించిన కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించారు. బొమ్మల వెనక నిలబడి పాడినవాళ్లు తామే ముఖానికి రంగు వేసుకుని తెర ముందుకు వచ్చారు. ఆ కుటుంబాల ఆడవాళ్లూ వచ్చారు. స్త్రీ పాత్రల్ని మగవాళ్లే కట్టడం ఆచారంగా ఉన్న కాలంలో అది ఎంత పెద్ద అడుగో ఈనాటి మనకు ఊహించడం కష్టం. ఆ నాటక సమాజాల్లో బిడ్డకు ఊయల తెర వెనకే, బడీ తెర వెనకే. కమలాబాయి అక్కడే నడక నేర్చింది, అక్కడే ప్రహ్లాదుడి వేషం కట్టింది.

హెచ్.ఎం. రెడ్డి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీయడానికి బొంబాయిలో పూనుకున్నప్పుడు ప్రహ్లాదుడి తల్లి లీలావతి పాత్ర కోసం సురభి కమలాబాయి వైపే చూశారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే ఆ చిత్రానికి ఆధారం. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. 1932 ఫిబ్రవరి 6న చిత్రం విడుదలైంది. ఆ కాలానికి ప్లేబ్యాక్ పద్ధతి మన సినిమాకు ఇంకా రాలేదు. నటించేవాళ్లే కెమెరా ముందు పాడాలి, ఆ పాట అక్కడికక్కడే రికార్డు కావాలి. ఒక్క మాట తడబడితే, శ్రుతి కాస్త జారితే మళ్లీ మొదటికి రావాల్సిందే. మైకు లేని పందిళ్లలో చివరి వరసకి వినబడేలా పద్యం పాడిన గొంతు కాబట్టే అది ఆమెకు సాధ్యమైంది. తెలుగు సినిమా మాట నేర్చుకుంది నాటకం దగ్గర. ఆ సంగతి మనం అలవాటుగా చెప్పుకుంటాం గాని, నేర్పిన గొంతుల్లో ఒకటి ఇరవై అయిదేళ్ల సురభి ఆడపడుచుదని చెప్పుకోం. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’లో సీతగా, ‘శకుంతల’లో శకుంతలగా కూడా ఆమే కనిపించారు.

మన విశాఖకూ ఆమె రుణం ఉంది. రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలిసిన కొద్దికాలానికే విశాఖలో ఆంధ్రా సినీటోన్ స్టూడియో లేచింది. అక్కడ హిరేన్ బోస్ దర్శకత్వంలో తయారైన ‘భక్త జయదేవ’ 1938లో వచ్చింది. రెంటచింతల సత్యనారాయణ, శాంతకుమారిలతో పాటు కమలాబాయి కూడా అందులో నటించారు. తెలుగు సినిమా అంటే మద్రాసో బొంబాయో వెళ్లి తీసుకొచ్చేది అనుకునే రోజుల్లో మన సముద్రం ఒడ్డున ఒక చిత్రం పురుడు పోసుకుందంటే అది చిన్న విషయం కాదు. ఆ స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు. ఇవాళ భీమిలి రోడ్డులో రామానాయుడు స్టూడియో వైపు చూసి మురిసిపోయే మన పిల్లలకు, ఈ ఊళ్లో కెమెరా అంతకు డెబ్బై ఏళ్ల ముందే తిరిగిందని చెప్పినవాళ్లు తక్కువ.

‘భక్త ప్రహ్లాద’ ప్రతి మనకు దక్కలేదు. తొలి టాకీలో తొలి కథానాయిక పాడిన పాట ఎలా ఉండేదో మన చెవులకు ఇక చేరదు. ఆమెను చూడాలంటే ‘పాతాళభైరవి’ పెట్టుకోవాలి. 1951లో వచ్చిన ఆ చిత్రంలో తోటరాముడి తల్లి ఆమే. కొడుకును చూసే ఆ చూపు, ఒక్క మాటను రెండు రకాలుగా పలికే ఆ తీరు గమనించండి. పందిట్లో పెరిగిన మనిషి కెమెరాకు తగ్గట్టు గొంతు ఎంత దించుకున్నారో తెలుస్తుంది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన చిత్రం అది. తోటరాముడు, మాంత్రికుడు మనందరి నాలుకల మీద ఉన్నారు. ఆ తల్లి ఎవరని అడిగితే ఎందరం పేరు చెప్పగలం?

స్త్రీ పాత్రల్లో జీవించిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. ‘నటస్థానం’ పేరుతో ఆయన తన అనుభవాలు రాసిపెట్టారు. ఆ మహానటుడికి జరిగిన గౌరవం ప్రతి అణువూ న్యాయమే. అదే వేదిక మీద స్త్రీ పాత్ర కట్టిన స్త్రీకి మాత్రం చప్పట్ల తర్వాత దక్కింది అనుమానం, ఆపైన మరుపు. ఈ అన్యాయం ఒక్క తెలుగునాటదే కాదు. బెంగాల్ నటి బినోదిని దాసి ఒక నాటకశాల లేవడానికి తన జీవితాన్నే పణంగా పెట్టింది. దానికి ఆమె పేరు పెడతామని మాటిచ్చి, 1883లో తీరా ‘స్టార్’ అని పెట్టారు. ఆమె తన కథ తానే రాసుకుంది. ఆ పుస్తకం ఉండబట్టే ఆ మాట తప్పిన సంగతి లోకం మరిచిపోలేదు. 2024 చివర్లో కోల్‌కతా స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెట్టారు. నూట నలభై ఏళ్లు పట్టింది. అయినా పెట్టారు.

మన విశాఖలో గురజాడ కళాక్షేత్రం ఉంది, కళాభారతి ఉంది, విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. ఈ నగరంలో ఒక్క వేదికకైనా, ఒక్క రిహార్సలు గదికైనా సురభి కమలాబాయి పేరు పెట్టాలని ఈ పత్రిక కోరుతోంది. పేర్లు దాచుకోవడం మా ఊరికి తెలియని విద్య కాదు. 1794 జూలై 10న ఇక్కడ కుంపిణీ సేనతో పోరాడి ప్రాణాలిచ్చిన చిన విజయరామరాజును పద్మనాభం ఇప్పటికీ తలుచుకుంటుంది. కత్తి పట్టినవారిని తలుచుకున్నట్టే, మన దుఃఖాన్ని తన గొంతులో పెట్టుకుని తెల్లవార్లూ పాడిన ఆడవాళ్లనీ తలుచుకోవాలి కదా.

వేదికకు పేరు పెట్టడం పెద్దల చేతిలో పని. మన చేతిలో ఉన్న పని మనం మొదలుపెడదాం. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా చంద్రమతులు, చింతామణులు, సత్యభామలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల పెట్టెల్లో పాత కరపత్రాలు, పోర్షను రాసుకున్న నోటు పుస్తకాలు, అంచులు చిరిగిన ఫొటోలు ఉన్నాయి. రంగస్థల విద్యార్థులు వాళ్ల గుమ్మం తొక్కాలి. కుటుంబాల వాళ్లు ఆ కాగితాలు పాతసామాన్లకు వేయకుండా ఆపాలి. ప్రతి సంచికలో రెండు పేజీలు ఇకమీద వాళ్లవి.

మొదటి గుమ్మం మేమే తొక్కాం. చిన్నప్పుడు కిటికీ ఊచల్లోంచి చూసిన ఆ చంద్రమతి జాడ వెతుక్కుంటూ వెళ్లాం. ఎనభై దాటారు. పళ్లు లేవు, పద్యం ఉంది. నోటు పుస్తకం తీసి చూపించారు. ఏ పద్యం ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో మార్జిన్లో పెన్సిలుతో రాసి ఉంది. కాటిసీను పేజీ మీద నూనె మరక. దీపం దగ్గర పెట్టుకుని వల్లె వేసిన రాత్రిదట. రికార్డు చేయడానికి ఫోను ముందు పెడితే ఆమె కాస్త తడబడి, పాత్ర పేరు చెప్పాలా, నా పేరు చెప్పాలా అని అడిగారు.

ముందు మీ పేరే చెప్పండమ్మా అన్నాం. చీర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా చెప్పారు. వచ్చే సంచికలో ఆ రెండు పేజీలు ఆ పేరుతోనే మొదలవుతాయి.