సరస్సునే సముద్రంగా ఎంచుకున్న చేప

ఏప్రిల్ నెల. తెల్లవారడానికి ఇంకా గంట వ్యవధి ఉంది. అమెరికా ఈశాన్యపు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, సెబేగో సరస్సును చలికాలమంతా కప్పి ఉంచిన మంచు పలక విరిగి కొద్ది రోజులే అయింది. ఒక ఏరు సరస్సులో కలిసే చోట, తొడల దాకా రబ్బరు బూట్లు తొడిగిన మనిషి ఒకడు నీటిలో నిలబడి ఉన్నాడు. గాలం విసరుతాడు, దారాన్ని మెల్లగా రీలుకు చుట్టుకుంటాడు, మళ్ళీ విసరుతాడు. చన్నీటికి వేళ్ళు మొద్దుబారిపోతున్నా కదలడు. పడవ లేనివాడికి సాల్మన్ చేప అందుబాటులోకి వచ్చే అదను ఏడాదిలో కొద్ది వారాలే. ఆ వారాలు ఇవే.

ఈ అదనుకు కారణం మరొక చిన్న చేప. వెండి రంగులో, జానెడు కూడా ఉండని ఆ చేప పేరు స్మెల్ట్. మంచు విరిగిన వెంటనే, రాత్రివేళ, స్మెల్ట్ గుంపులు గుడ్లు పెట్టడానికి ఏరుల్లోకి ఎగబాకుతాయి. వాటి వెనుకే సాల్మన్ ఒడ్డుకు వస్తుంది. సెబేగో సుమారు 45 చదరపు మైళ్ళ సరస్సు. అత్యధిక లోతు 316 అడుగులు. సాల్మన్‌కు హితవైన నీరు సుమారు 10 నుండి 13 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనంలో ఉంటుంది. వేసవిలో పైనీరు వేడెక్కగానే అది అట్టడుగు చీకటిలోకి దిగిపోతుంది. అప్పుడు దానిని వెదకాలంటే పడవా, బారెడు కొద్దీ దారమూ కావాలి. వసంతంలో మాత్రం నీరంతా ఒకే చల్లదనంతో ఉంటుంది గనుక, ఒడ్డున నిలబడినవాడికీ, పడవలో కూర్చున్నవాడికీ అవకాశం దాదాపు సమానం.

సాల్మన్ స్వతహాగా సముద్రాన్ని ఎరిగిన చేప. ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి ఏటికి చేరడం దాని జాతి ధర్మం. వర్షాకాలపు వరద నీటిలో గోదావరికి ఎదురీదే పులసను ఎరిగిన తెలుగువారికి ఈ ప్రయాణం కొత్త కాదు. కాని సెబేగో సాల్మన్ ఆ ప్రయాణాన్ని విడిచిపెట్టింది. సుమారు పదివేల ఏళ్ళకు పూర్వం, హిమయుగపు మంచుగడ్డలు వెనక్కు తగ్గి ఈ సరస్సులు ఏర్పడిన కాలంలో, సముద్రం నుండి వచ్చిన సాల్మన్‌లు కొన్ని ఇక్కడే స్థిరపడ్డాయి. వీటిని ఆంగ్లంలో ‘నేల నడుమ బందీలైనవి’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఆ పేరు పూర్తిగా నిజం కాదు. సెబేగో నుండి ప్రెసంప్‌స్కాట్ నది నేటికీ అట్లాంటిక్ వైపు ప్రవహిస్తూనే ఉంది. ఆహారం, చల్లదనం, లోతు అన్నీ ఇక్కడే దొరికినప్పుడు ఉప్పునీటి కోసం అంత దూరం పోవలసిన అవసరం ఈ చేపకు లేకపోయింది.

అలవాటు మాత్రం పోలేదు. శరదృతువు చివర తల్లిచేప ఏరు ఎక్కి, తోకతో గులకరాళ్ళను తొలిచి గుంట చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఏటిలోనే ఒకటి రెండేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి గడిపి, సముద్రానికి పోయినట్టే సరస్సుకు పోతాయి. పసిఫిక్ సాల్మన్‌లాగ ఇది గుడ్లు పెట్టగానే చనిపోదు. మరొకసారి ఏరు ఎక్కే చేపలూ ఉన్నాయి. సాధారణంగా రెండు మూడు పౌన్లు తూగే ఈ చేప, 1907లో సెబేగోలోనే ఒక గాలానికి 22 పౌన్ల 8 ఔన్సుల బరువుతో చిక్కింది. 1969లో మెయిన్ ప్రభుత్వం దీనిని తమ రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది.

ఒడ్డు నుండి గాలం వేసేవారు చేపకన్న ముందు నీటిని చదువుతారు. ఏటి మొగ, రాతి కొన, ఉన్నట్టుండి లోతెక్కే చోటు, ఇవి మొదట చూడదగినవి. గాలి ఎదురుగా వీస్తే విసరడం కష్టమే. అయినా అదే గాలి చిన్న చేపలను ఒడ్డు వైపు నెడుతుంది గనుక అనుభవజ్ఞులు దానిని తిట్టుకోరు. ఉదయపు మసక వెలుగు, సాయంకాలపు నీడ మంచి వేళలు. తేటనీటిలో సాల్మన్ చూపు చురుకైనది కాబట్టి సన్నని దారమే వాడతారు. ఎర ఏదైనా అది స్మెల్ట్‌ను తలపించాలి.

ఈ రహస్యాన్ని అందరికన్న బాగా గ్రహించిన వ్యక్తి టోపీలు కుట్టే ఒక స్త్రీ. మెయిన్‌లోని అప్పర్ డ్యామ్ అనే చోట నివసించిన క్యారీ స్టీవెన్స్ 1924 జులై 1న, తాను ఈకలతో కట్టిన ఎరను నీటిలో విసిరి, 6 పౌన్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్ చేపను పట్టింది. ఆమె చేతిలో తయారైన ‘గ్రే గోస్ట్’ అనే బూడిదరంగు ఈకల ఎర, నీటిలో కదిలితే అచ్చం ఈదుతున్న స్మెల్ట్ వలె ఉంటుంది. సాల్మన్ సరస్సుల ఒడ్డున నేటికీ దానిని వాడుతున్నారు.

గాలం తగిలిన సాల్మన్ ముందు పరుగెత్తుతుంది. పిదప నీటిపైకి మూడు నాలుగు సార్లు ఎగురుతుంది. అప్పుడు బలవంతంగా లాగితే దారం తెగుతుంది. లాగినప్పుడు వదలడం, అలసినప్పుడు చుట్టడం, ఇదే విద్య అంతా. వదిలివేయదలచిన చేపను తడిచేతితోనే పట్టుకోవాలి. పొడిచేయి తగిలితే దాని ఒంటిని కాపాడే జిగురు పొర ఊడిపోతుంది. నీటిలోనే నిలిపి ఉంచి, తనంతట తాను ఈదిపోగల బలం వచ్చిన పిదపనే విడిచిపెట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ చేప చరిత్రలో నష్టాలు అనేకం. షాంప్లైన్ సరస్సులోని సాల్మన్ సంతతి, ఏరులకు అడ్డంగా కట్టిన ఆనకట్టల వల్లా, మితిమీరిన వేట వల్లా పందొమ్మిదవ శతాబ్దంలోనే అంతరించింది. సెబేగో సాల్మన్‌ల శరీరాల్లో డి.డి.టి. చేరినట్టు 1960లలో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

అన్నిటికన్న విచిత్రమైన ఆపద న్యూయార్క్ రాష్ట్రంలోని కయూగా సరస్సులో బయటపడింది. అక్కడ తల్లిచేపలు పుష్టిగానే ఉండేవి. గుడ్లు చక్కగా పొదిగేవి. పిల్లలు మాత్రం పుట్టిన కొద్ది వారాలకే దాదాపు అన్నీ మరణించేవి. నీటిలో విషం లేదు, అంటువ్యాధీ లేదు. 1990లలో పరిశోధకులు కారణం తేల్చారు. ఆ సరస్సులో సాల్మన్‌లు తినేది ఏల్‌వైఫ్ అనే చేపను. ఆ చేప శరీరంలో థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, నాశనం చేసే ఎంజైము ఉంది. కడుపునిండా తిన్న తల్లి, బిడ్డలకు ఇవ్వవలసిన సారం లేనిదయింది.

తెలుగు పాఠకులకు ఈ కథ ఎక్కడో విన్నట్టు తోస్తే ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో మరపట్టిన తెల్లని బియ్యం తిన్నవారిని బెరిబెరి వ్యాధి పీడించింది. మరలో పోయిన తవుడుతోపాటు పోయింది ఈ విటమినే. కంచం నిండుగా ఉండి కూడా మనిషి క్షీణించాడు. సరస్సు నిండుగా ఉండి కూడా సాల్మన్ పిల్ల క్షీణించింది.

చికిత్స కూడా అంత సరళంగానే ఉంది. చేపపిల్లలను పెంచే కేంద్రాల్లో గుడ్లనో, పసిపిల్లలనో థయమిన్ కలిపిన నీటిలో కొంతసేపు ఉంచితే అవి బతుకుతాయి. కాని ఏటి గులకరాళ్ళ నడుమ పెట్టిన గుడ్లకు ఆ మందు అందించేవారెవరు? 2000 తరువాతి సంవత్సరాల్లో ఏల్‌వైఫ్ షాంప్లైన్ సరస్సులోనూ స్థిరపడింది. పోయిన సాల్మన్‌ను తిరిగి నిలపాలని 1970ల నుండి పాటుపడుతున్నవారికి ఇది సరికొత్త చిక్కు. పరాయి చేపను ఒక సరస్సులో వదలడం క్షణం పని. దానిని తిరిగి తొలగించడం దాదాపు అసాధ్యం.

సెబేగో ఒడ్డున తెల్లవారుతుంది. గాలపు కర్ర ఒక్కసారిగా వంగుతుంది. పావుగంట పెనుగులాట తరువాత వెండివన్నె చేప అరచేతుల నడుమ నీటిలో నిలుస్తుంది. నియమాల ప్రకారం దానిని ఇంటికి తీసుకుపోవచ్చునా, కూడదా అని కొలబద్ద చెబుతుంది. తీసుకుపోదగినదే అయినా, చాలామంది ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తారు. శరదృతువులో ఏరు ఎక్కవలసింది అదే.