గుర్తు పెట్టుకునే ఉద్యోగం

ఆడదాని జ్ఞాపకశక్తి గురించి మన మొగవాళ్ళు పదిమందిలో చెప్పే మెప్పు మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "మా ఆవిడకి అన్నీ గుర్తేనండీ! ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర పెట్టారో కూడా చెప్పేస్తుంది" అని మురిసిపోతారు. వినడానికి సొంపుగానే ఉంటుంది. కానీ ఆ మెప్పు వెనకాల ఒక ఉద్యోగం దాగి ఉంది. దానికి జీతం లేదు, శలవు లేదు, రిటైర్మెంటు అసలే లేదు. సంజాయిషీ మాత్రం ఉంది. ఇంటిల్లిపాదికీ తేదీలు గుర్తు పెట్టుకునే ఉద్యోగమది.

మా ఐనవిల్లిలో ఏ ఇంట్లోకి వెళ్ళి గోడమీద క్యాలెండరు చూసినా ఈ ఉద్యోగం కళ్ళకి కడుతుంది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు, మావగారి తద్దినం తిథి, పిల్లవాడి ఫీజు, కొబ్బరి దింపు తీసిన రోజు, ఎన్ని కాయలు దిగాయో ఆ సంఖ్య - అన్నీ ఇల్లాలి చేతిరాతే. ఇందులో ఆవిడకి పేచీ లేదు. చేసుకుపోతూనే ఉంటుంది. నా పేచీ అల్లా ఆ క్యాలెండరు మీదకి ఎన్నడూ రాని ఒక తేదీ గురించి. అది ఆరోగ్య బీమా గడువు తేదీ.

ఎందుకు రాదంటారా? ఆ తేదీ ఆవిడకి ఎవరూ చెప్పరు గనక. పాలసీ ఆయన పేరున ఉంటుంది. కాగితాలు ఆయన బీరువాలో, పొలం దస్తావేజుల కింద ఉంటాయి. కంపెనీవాళ్ళ మెసేజీ ఆయన ఫోనుకి వస్తుంది. ఏజెంటు వస్తే ఆయనతో వీధి అరుగు మీదే మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. కాఫీ ఇచ్చిన మనిషి పేరు ఆ కాగితంలో రెండో వరసలో ఉంటుంది, 'భార్య' అని. సరే, ఉండనివ్వండి. అన్నీ సవ్యంగా సాగితే "మావాడిది ముందుచూపండీ" అంటారు. గడువు దాటిపోయిందో, అప్పుడు మాత్రం ఆ జ్ఞాపకశక్తి ఎక్కడుందని ఆవిడనే వెతుక్కుంటూ వస్తారు.

మా వైపు ఒకావిడకి జరిగింది చెబుతాను, పేరెందుకు లెండి. భర్తది కొబ్బరి వ్యాపారం. ఏడేళ్ళు క్రమం తప్పకుండా ప్రీమియం కట్టాడు. ఎనిమిదో ఏడు ఫోను నెంబరు మార్చాడు, కంపెనీకి చెప్పలేదు. మెసేజీలన్నీ పాత నెంబరుకే పోయాయి. గడువు దాటిన యాభయ్యో రోజున గుండెల్లో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళితే రెండు స్టెంట్లు వేశారు. పైసా రాలేదు. ఆవిడ గాజులూ, పుట్టింటివారు పెట్టిన చంద్రహారమూ తాకట్టుకి వెళ్ళాయి. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకుంటూ ఇంటికొస్తే, చూడవచ్చిన మరిది అన్న మాట ఇదీ - "ఏంటొదినా, నీకన్నీ గుర్తుంటాయి కదా, ఇదెలా మర్చిపోయావు?"

ఆవిడ ఏమందో తెలుసా? "నాకు చెప్పిన తేదీ ఏదీ నేను మర్చిపోలేదు బాబూ" అంది. అంతే. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ అసలు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు తరవాత సాధారణంగా ముప్ఫై రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ లోపల కడితే పాత పాలసీ బతుకుతుంది గాని, కట్టని ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే డబ్బు రాదు. అదీ దాటిందా, మళ్ళీ మొదటినుంచీ మొదలే. బి.పి., షుగరు లాంటి పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనే హక్కు కంపెనీకి ఉంది. 2024కి ముందు అది నాలుగేళ్ళు. అంటే ఏడేళ్ళ నిష్ఠ ఒక్క నెలలో గోదాట్లో కలిసినట్టే. 2025 సెప్టెంబరులో ఇలాంటి సొంత పాలసీల మీద పద్ధెనిమిది శాతం పన్ను ఎత్తేశారు, సంతోషం. గడువు మాత్రం ఎప్పటిలాగే ఉరితాడు.

"అయితే ఏమంటావమ్మా, గడువే ఉండకూడదంటావా?" అని ఎవరైనా అడగవచ్చు. గడువు లేకుండా వైద్యం అందిన సంగతి మన రాష్ట్రంలోనే చూశాం కదా! 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు పేదవాడిని ఏటేటా వచ్చి పేరు రాయించుకోమనలేదు. తెల్లకార్డు ఉంటే చాలన్నారు. ఆ తరవాత పథకం పేరు మారింది, మళ్ళీ మారింది, అది వేరే కథ. ఇంకో విశేషం. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషను కార్డుకి ఇంట్లో పద్ధెనిమిదేళ్ళు నిండిన పెద్ద ఆడమనిషే యజమాని. పూరింట్లో ఉన్నమ్మ కార్డుకి యజమానురాలు. డాబా ఇంట్లో ఉన్నమ్మ పాలసీలో రెండో వరస. చదువుకున్నామని, మేడలు కట్టామని మనం ఎగిరిపడుతున్నది దేన్ని చూసుకునో నాకు బోధపడదు.

పేదింట్లో కూడా అన్నీ సుఖంగా లేవనుకోండి. చెట్టెక్కి దింపు తీసేవాళ్ళ ప్రమాద బీమా సంగతి చూడండి. 2015లో కేంద్రం పెట్టిన సురక్షా బీమాకి మొదట ఏడాదికి పన్నెండు రూపాయలు, 2022 నుంచి ఇరవై. బొండాం ఖరీదు కూడా కాదు. జూన్ ఒకటి నుంచి మే ముప్ఫయ్యొకటి దాకా లెక్క. బ్యాంకువాళ్ళే ఖాతాలోంచి కోసుకుంటారు. కోసుకునే వేళకి ఖాతాలో ఇరవై రూపాయలుండాలి కదా! ఖాతా మొగుడిది, పాసుబుక్కు మొగుడి సంచిలో. డ్వాక్రా సంఘం వాయిదా ఒక్కరోజు దాటనివ్వని ఆ ఇల్లాలి చేతిలో ఆ పుస్తకం ఉంటే, ఆ ఇరవై రూపాయలు ఖాతాలో ఉండేవా లేదా, మీరే చెప్పండి.

ఇక హైదరాబాదులో సాఫ్టువేరు కంపెనీల గొడవ. తల్లిదండ్రుల్ని బీమాలో చేర్చుకోవాలంటే చాలా కంపెనీల్లో ఏడాదికోసారి కొద్దిరోజులు కిటికీ తెరిచి మళ్ళీ మూసేస్తారు. కొడుకు మర్చిపోతే ఇక్కడ ఊళ్ళో తల్లి మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగాలి. మర్చిపోయింది కొడుకే అయినా "కోడలు గుర్తు చెయ్యొద్దూ?" అనే అత్తగార్లు ఉన్నారు. ఆడదానికి ఆడదే శత్రువన్న పాతపాట నాకు నచ్చదు గాని, అత్తగారికి ఆ మాట నేర్పిన లోకం మీద కోపం వస్తుంది.

అమెరికాలో పురుడు పోసుకున్న మన పిల్లల సంగతి ఇంకా విడ్డూరం. ఉద్యోగం తాలూకు బీమాలో పుట్టిన బిడ్డని చేర్చడానికి మామూలుగా ముప్ఫై రోజులు గడువు. ఇరవయ్యొకటో రోజున బారసాల, పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తాం. ఆ పేరు కంపెనీ కాగితంలోకి కూడా ఎక్కాలి, ఇంకో తొమ్మిది రోజుల్లోగా. రాత్రులు నిద్రలేని బాలింతకి ఇది గుర్తుండాలట! తండ్రి ఏం చేస్తున్నాడయ్యా అంటే, ఫోటోలు తీస్తున్నాడు.

ఏడాది పొడవునా గడువుతో పని లేకుండా, ఎవరి భార్య అని అడక్కుండా ఆడదానికి దక్కినది ఒకటుంది. 2024 అక్టోబరు నుంచి డెబ్బయ్యేళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం ఏటా 5 లక్షల దాకా వైద్యం అన్నది. కార్డు ఎవరిది వారి పేరునే. ఎంత గొప్ప! మన పేరు మొదటి వరసలోకి రావడానికి డెబ్బయ్యేళ్ళు బతకాలన్న మాట.

మా ఊరి విఘ్నేశ్వరుడి గుళ్ళో పరీక్షల ముందు పిల్లలకి పూజ చేసిన కలాలు పంచుతారు. మా ఇళ్ళల్లో ఆ కలాలు తరవాత పాల లెక్కలకి వస్తాయి. ఈసారి ఆ కలం ఒకటి ఆయన చేతికివ్వండి. బీరువా తీయించండి. గడువు తేదీ ఆయన చేతనే, ఆయన రాతతోనే క్యాలెండరు మీద రాయించండి. దాని పక్కన పాలసీ నెంబరు, ఏజెంటు ఫోను కూడా. "నువ్వు రాసుకోరాదూ?" అంటారు. అనే తీరతారు. "నాకు చాలా ఉన్నాయండీ" అని చెప్పి మీ పని మీరు చూసుకోండి.

కంపెనీవాళ్ళకి కూడా ఒక మాట. పాలసీ అమ్మడానికి మధ్యాహ్నం కునుకు తీసే వేళ నాలుగుసార్లు ఫోను చేసే ఓపిక మీకుంది. గడువు దాటబోతోందని చెప్పడానికి ఇంట్లో రెండో మనిషికి ఒక్కసారి చెయ్యలేరా? మీ ఫారంలో భార్య వయస్సు రాయడానికి గడి ఉంది, ఆవిడ బరువు రాయడానికి కూడా గడి ఉంది. ఆవిడ ఫోను నెంబరుకి ఎందుకు లేదు?