జవాబు చెప్పే కౌంటరు ఎక్కడ?

ఆదోని వాళ్ళు విమానం ఎక్కాలంటే ముందు ఎక్కాల్సింది బస్సు. అది ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు చేరి, అక్కడ జాతీయ రహదారి పట్టుకుని, జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ వెళ్ళేసరికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. పోనీ అనంతపురం మీదుగా బెంగళూరు దేవనహళ్ళికి పోదామా అంటే అదీ ఇంచుమించు అంతే. ఆదోనికి రైలైనా ఉంది. ముంబయి - చెన్నై లైను మీద ఊరు. చేనేతకు పేరుమోసిన ఎమ్మిగనూరుకు ఆ భాగ్యమూ లేదు. రైలెక్కాలన్నా మంత్రాలయం రోడ్డుకో ఆదోనికో రావాలి.

అందుకే ఈ వైపు వాళ్ళకు విమాన ప్రయాణం ఇంటి గడపలోనే మొదలవుతుంది. ఉదయం ఏడింటి విమానానికి ముందురోజు రాత్రి భోంచేసి బయల్దేరాలి. నిద్ర బస్సులో, ముఖం కడగడం ఎయిర్‌పోర్టులో. గంటన్నరసేపు గాల్లో ఉండటానికి పది గంటలు ముందుగా ఇల్లు వదలాలి. ‘మీ విమానం నాలుగు గంటలు ఆలస్యం’ అని మెసేజ్ వస్తే హైదరాబాద్ మనిషి దుప్పటి ముసుగుతన్ని ఇంకో కునుకు తీస్తాడు. ఆదోని మనిషికి అదే మెసేజ్ తెల్లవారుజామున మూడింటికి, జడ్చర్ల దాటాక వస్తుంది. వెనక్కి తిరగలేడు. ముందుకెళ్ళి చేసేదీ ఏమీ లేదు. పక్కన భార్య, ఒళ్ళో మనవరాలు, డిక్కీలో కూతురికి పట్టుకెళ్తున్న కారప్పొడి, జొన్నరొట్టెలు. ఆ నాలుగు గంటలూ అందరికీ ఒకటే నాలుగు గంటలు కావు.

జిల్లాలోనే విమానాశ్రయం ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది, ఓర్వకల్లులో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మూడు రోజులకే, 28న, ‘ఉడాన్’ పథకం కింద బెంగళూరు, విశాఖపట్నం, చెన్నైలకు ఇండిగో విమానాలు మొదలయ్యాయి. జనం సంబరపడ్డారు, ఫొటోలు దిగారు. కానీ చిన్న ఊళ్ళ రూట్లు ఎప్పుడుంటాయో ఎప్పుడు ఆగుతాయో చెప్పడం కష్టం. ఈ పథకం మీద 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక లెక్కలు చూడండి. మూడో విడత వరకూ కేటాయించిన రూట్లు 774. వాటిలో అసలు మొదలైనవి 371. మూడేళ్ళ రాయితీ గడువు పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి, ఎగురుతున్నవి 54. ఆదోనికి పొరుగునున్న బళ్ళారి పక్క విద్యానగర్ నుంచి హైదరాబాద్‌కు విమానాలు నడిపిన ట్రూజెట్ అయితే 2022లో మొత్తంగానే ఆగిపోయింది. కాబట్టి ఓర్వకల్లు ఉన్నా, దూరాభారం పోయేవాళ్ళలో ఎక్కువమందికి శంషాబాదో దేవనహళ్ళో తప్పడం లేదు.

విమానం ఆలస్యమవడం ఒక బాధ. ఎందుకు ఆలస్యమైందో చెప్పే మనిషి దొరక్కపోవడం రెండో బాధ. నిజానికి ఒళ్ళు మండించేది ఈ రెండోదే.

ఆర్టీసీ బస్టాండులో కంట్రోలర్ ఉంటాడు. ‘ఆదోని బస్సు ఏదప్పా?’ అంటే విసుక్కుంటాడు. విసుక్కుంటూనే ‘కోడుమూరు దగ్గర టైరు పంక్చరైంది, గంట పడుతుంది’ అని చెప్తాడు. ఆ ఒక్క మాటతో సగం కోపం పోతుంది. వెళ్ళి టీ తాగి రావచ్చు. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణం మానుకుని, పద్ధతి ప్రకారం అర్జీ పెట్టి మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చని స్టేషన్లో ఎవర్నడిగినా చెప్తారు. విమానాశ్రయంలో అద్దాలు, ఏసీ, మెత్తటి కుర్చీలు అన్నీ ఉంటాయి. జవాబే ఉండదు. బోర్డు మీద ‘ఆలస్యం’ అని ఒక్క పదం. కౌంటర్లో అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. మెడలో కంపెనీ స్కార్ఫు ఉంటుంది కానీ చేతిలో అధికారం ఉండదు. చాలాచోట్ల ఆమె కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి. ఆమెకు తెలిసింది కూడా కంప్యూటర్లో కనిపించేదే. ఫోన్ చేస్తే ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’. నొక్కీ నొక్కీ చివరికి చేరేది పాట దగ్గరికి. యాప్‌లో అడిగితే మర మనిషి ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అంటుంది. ఇంగ్లిషు రాని ఎమ్మిగనూరు పెద్దావిడ ఎవర్ని అడగాలి?

ఇది ఎంత దూరం పోగలదో 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి. వారానికి 36 గంటల విశ్రాంతి 48 గంటలైంది, రాత్రి ల్యాండింగులు తగ్గాయి. నిబంధన మంచిదే. నిద్రలేని పైలట్ నడిపే విమానం ఎవరికి కావాలి? ముందుగా తెలిసిన మార్పే. అయినా దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా మోసే ఇండిగో దానికి సరిపడా సిద్ధం కాలేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో కొచ్చి విమానం కోసం ఎదురుచూసిన అయ్యప్ప భక్తులు నిరసనకు దిగారు. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసులు గుట్టలుగా పడ్డాయి. మిగతా సంస్థల టికెట్లు చుక్కలనంటడంతో డిసెంబరు 6న కేంద్రం 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, వెయ్యి లోపు 12,000 అంటూ గరిష్ఠ చార్జీలు విధించాల్సి వచ్చింది. ఒక్క కంపెనీ తుమ్మితే దేశం మొత్తానికి జలుబు చేసిందంటే, ప్రయాణికుడికి ఇంకో దారి లేకుండా పోయిందనే అర్థం. ఇంకో దారి లేనివాడికి జవాబు చెప్పాలన్న తొందర ఎవరికుంటుంది?

అలాగని ప్రయాణికుడికి హక్కులే లేవా? ఉన్నాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ 2010లోనే నిబంధనలు పెట్టింది, తర్వాత సవరించింది. సాధారణంగా మన దేశీయ ప్రయాణాలు రెండున్నర గంటల లోపే. అలాంటి విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే, వేళకు చెకిన్ అయినవాళ్ళకు తిండీ నీళ్ళూ పెట్టాలి. ఆరు గంటలు దాటితే మరో విమానమో పూర్తి వాపసో కోరుకోవచ్చు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడింటి మధ్య బయల్దేరాల్సింది ఆరు గంటలు దాటినా, ఏ వేళదైనా ఒక రోజు దాటినా హోటల్లో బస ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే వాపసుకు తోడు, ప్రయాణ కాలాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పరిహారం. సీట్లకు మించి టికెట్లు అమ్మి, వేళకొచ్చినవాణ్ణి దింపేస్తే అది 20,000 దాకా పోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఆలస్యం ఎంతైనా సరే, దానికి విడిగా నగదు పరిహారం లేదు. యూరప్‌లో మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరిస్తే 250 యూరోల నుంచి 600 యూరోల వరకు ఇవ్వాలని 2009లో అక్కడి కోర్టు తేల్చింది. మన దగ్గర ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక జ్యూసు డబ్బాతో సరి. పొగమంచు, తుపాను, అల్లర్లు వంటివి కారణమైతే రద్దుకు కూడా పరిహారం ఉండదు. అది న్యాయమే. కానీ అసలు కారణం మంచేనా, సిబ్బంది కొరతా అన్నది చెప్పాల్సింది ఆ సంస్థే. అందుకే జవాబు దొరకడం మర్యాద విషయం మాత్రమే కాదు, డబ్బు విషయం కూడా.

గట్టిగా అడిగినవాళ్ళు లేకపోలేదు. 2007 డిసెంబరు 14న ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఒక ప్రయాణికుడు పొగమంచు వల్ల గంటల తరబడి ఇరుక్కుపోయాడు. హైదరాబాద్ వచ్చాక ప్రజోపయోగ సేవల శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్ళాడు. ‘వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే’ అని టికెట్ షరతుల్లో ఉంది కాబట్టి ఇక్కడ కుదరదని ఇండిగో వాదించింది. లోక్ అదాలత్ ఒప్పుకోలేదు. 10,000 రూపాయల పరిహారం ఇమ్మంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2011 జులైలో తీర్పు వచ్చింది. ఆ షరతు లోక్ అదాలత్‌కు అడ్డు కాదంది కోర్టు. చవక టికెట్ల సంస్థ అయినా ఇరుక్కుపోయినవాళ్ళకు కనీస వసతులు చూడాల్సిందేనంది. అయితే మంచు సంస్థ తప్పు కాదంటూ పరిహారాన్ని కొట్టేసింది. ఆయన చేతికి డబ్బు రాలేదు. కానీ సొంత ఊళ్ళో కూర్చుని విమాన సంస్థను ప్రశ్నించవచ్చని ఆ పదివేల తగవు తేల్చింది.

ఇప్పుడా దారి ఇంకా వెడల్పయింది. 1986 నాటి వినియోగదారుల చట్టంలో అవతలి పక్షం ఉన్నచోటో, గొడవ జరిగినచోటో కేసు వేయాలి. 2020 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వేయవచ్చు. అంటే ఎమ్మిగనూరు మనిషి ఢిల్లీకో గుర్గావ్‌కో పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి, అంతే. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కో, కేంద్రం నడిపే ‘ఎయిర్‌సేవా’కో చెప్పుకోవచ్చు.

దానికి కావాల్సింది కాగితాలు. టికెట్, బోర్డింగ్ పాస్, వచ్చిన మెసేజ్, బోర్డు ఫొటో, కొనుక్కున్న తిండి బిల్లు, రాత్రి తిరిగిన కారు బిల్లు. కౌంటర్లో నోటిమాటతో వదలకుండా కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి. సామాను రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే అక్కడే ఫిర్యాదు రాసిచ్చి నకలు తీసుకోవాలి. దేశీయ ప్రయాణంలో సామానుకు సంస్థ బాధ్యత 20,000 రూపాయల వరకే. విదేశీ ప్రయాణమైతే దెబ్బతిన్న పెట్టె గురించి ఏడు రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదాని గురించి 21 రోజుల్లో రాయాలి. ఇంకో జాగ్రత్త. బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది కదా, పిలుస్తారులే అని కూర్చోకూడదు. అలా కూర్చుని విమానం పోగొట్టుకున్న ఒక కుటుంబం కేసులో 2020లో సుప్రీంకోర్టు సంస్థ వైపే తీర్పిచ్చింది. వేళకు గేటు దగ్గరికి చేరడం ప్రయాణికుడి పనేనంది.

కౌంటర్లో అమ్మాయి మీద అరిస్తే మాత్రం వచ్చేదేమీ లేదు. ఆమె కూడా ఏ కోడుమూరు నుంచో, ఏ షాద్‌నగర్ నుంచో వచ్చి రాత్రి డ్యూటీ చేస్తున్న పిల్లే. ఆమెకు ఆ గంటలో నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వాల్సింది కంపెనీ. కారణం దాచినవాళ్ళకు జరిమానా వేయాల్సింది ప్రభుత్వం. ఆలస్యానికి వెల కట్టాల్సింది నిబంధన. ఈ మూడూ జరిగేదాకా ప్రయాణికుడి చేతిలో ఉన్నది ఒక ఫిర్యాదు కాగితం.

రాత్రంతా మూడు వందల కిలోమీటర్లు పోయి వచ్చినవాళ్ళకు, ఆ కాగితంతో కర్నూలు దాకా పోవడం పెద్ద దూరమేమీ కాదు.