పద్నాలుగు రోజుల హక్కు షాపు గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

బ్రిటన్‌లో మొబైల్ కాంట్రాక్టు ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని ఫోన్లోనో వెబ్‌సైట్లోనో అప్‌గ్రేడ్ తీసుకుంటే, వద్దనుకోవడానికి చట్టం అతనికి 14 రోజులు ఇస్తుంది. కారణం చెప్పక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అదే మనిషి అదే కంపెనీ షాపుకి నడిచి వెళ్లి, అదే ఫోనుకి, అదే ప్లానుకి, అవే 24 నెలల వాయిదాలకి టాబ్లెట్ మీద వేలితో సంతకం గీస్తే ఒక్క రోజు ఇవ్వదు. ఒక్క గంట ఇవ్వదు. గుమ్మం దాటి వీధిలోకి వచ్చేసరికి రెండేళ్ల బాకీ మెడకు చుట్టుకుని ఉంటుంది. చట్టం రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు. తెలిసే వదిలేశారు. నా కోపమంతా అక్కడే.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్నవాళ్లకి ఈ పద్ధతి కొంచెం వివరించాలి. మన దగ్గర ఫోను వేరు, సిమ్ము వేరు. ఫోను డబ్బులిచ్చో ఈఎంఐ మీదో కొంటాం, రీచార్జి చేయించుకుంటాం, నచ్చకపోతే నంబరుతో సహా ఇంకో కంపెనీకి వెళ్లిపోతాం. అక్కడ చాలామంది ఫోను ఖరీదూ నెలనెలా సర్వీసూ కలిపి కాంట్రాక్టు రాసుకుంటారు, మామూలుగా 24 నెలలకు. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి డైరెక్ట్ డెబిట్‌గా దానంతటదే పోతుంటుంది. గడువు దగ్గరపడేసరికి అప్‌గ్రేడ్‌కి అర్హులయ్యారంటూ మెసేజ్ వస్తుంది. ఒప్పుకుంటే కొత్త ఫోను చేతికొస్తుంది, పాత కాంట్రాక్టు ముగుస్తుంది, మళ్లీ మొదటి నెల నుంచి లెక్క మొదలవుతుంది. ఏళ్లతరబడి కట్టిన కస్టమర్‌కి ఇస్తున్న కానుకలా దాన్ని అమ్ముతారు. చేతిలో పెట్టేది మాత్రం కొత్త అప్పు.

ఈ అప్పులో పడేవాళ్లలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. లీసెస్టర్‌లో, బర్మింగ్‌హామ్‌లో, తూర్పు లండన్‌లో ఎంఎస్‌సీ చదువుకుంటూ రాత్రిళ్లు గిడ్డంగుల్లో పనిచేసే తెలుగు పిల్లలు. వీసా ఎన్నాళ్లుంటుందో, ఉద్యోగం ఏ ఊళ్లో దొరుకుతుందో తెలియని వయసులో రెండేళ్ల కట్టుబాటు మీద సంతకం పెడతారు. తర్వాత ఇబ్బంది వచ్చి, తోటివాళ్ల సలహా విని డైరెక్ట్ డెబిట్ ఆపేస్తారు. అది మహా ప్రమాదం. బాకీ పడిన గుర్తు క్రెడిట్ ఫైల్‌లో ఆరేళ్లు ఉంటుంది. అద్దె ఇంటికి వెళ్లినా, కారు లోనుకి వెళ్లినా, రేపు ఇల్లు కొందామన్నా ఆ గుర్తు ముందుకొచ్చి నిలబడుతుంది. డబ్బు ఆపడం వేరు, కాంట్రాక్టు రద్దు చేయడం వేరు. ఈ మాట షాపులో వాళ్లకి ఎవరూ చెప్పరు.

సరే, చట్టం ఇచ్చిందేమిటో ముందు చూద్దాం. ఇచ్చినదాన్ని కూడా కంపెనీలు మింగేస్తున్నాయి కాబట్టి ఇది తెలిసి తీరాలి. 2013లో చేసిన కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్లు 2014 జూన్ 13 నుంచి అమల్లోకి వచ్చాయి. దూరం నుంచి చేసుకున్న ఒప్పందాలకు, అంటే ఫోన్లో, వెబ్‌సైట్లో, యాప్‌లో ఒప్పుకున్నవాటికి, అలాగే అమ్మేవాడు మన గుమ్మంలోకొచ్చి రాయించుకున్నవాటికి కూడా, 14 రోజుల రద్దు హక్కు ఉంది. ఫోను కూడా కలిసిన కాంట్రాక్టులో ఆ లెక్క ఫోను చేతికొచ్చిన మర్నాటి నుంచి మొదలవుతుంది. వద్దన్న సంగతి స్పష్టంగా తెలియజేస్తే చాలు. వాళ్ల ఫారమే నింపాలని లేదు. గడువు లోపల పంపితే చాలు, వాళ్లు ఎప్పుడు చదువుకున్నారన్నది మనకి అనవసరం. ఆ ఫోనుకి జతచేసి అంటగట్టిన ఇన్సూరెన్స్ కూడా దానితోపాటే రద్దయిపోతుంది. అసలు ఈ హక్కు ఉందని కంపెనీ చెప్పకపోతే 14 రోజుల గడువు ఇంకో ఏడాది దాకా సాగుతుంది.

ఇంత స్పష్టంగా రాసి ఉన్నా కాల్ సెంటర్లో వినిపించే జవాబులు చూడండి. పెట్టె తెరిచారు కాబట్టి కుదరదంటారు. అబద్ధం. పెట్టె తెరిస్తే హక్కు పోదు. షాపులో చేతిలోకి తీసుకుని చూసే పాటి కన్నా ఎక్కువ వాడి విలువ తగ్గిస్తే, ఆ తగ్గిన మేరకు కోసుకోవచ్చు, అంతే. మీరు పాత కస్టమర్, ఇది కొత్తవాళ్లకే అంటారు. అదీ అబద్ధమే. రెగ్యులేషన్లు పాత కస్టమర్నీ కొత్త కస్టమర్నీ వేరు చేయలేదు. సిమ్ము వాడేశారు కాబట్టి అయిపోయిందంటారు. సర్వీసు వెంటనే మొదలుపెట్టమని మనం అడిగి ఉంటే వాడిన రోజులకు దామాషాగా కట్టాలి. రెండేళ్లకు కట్టక్కర్లేదు. ఈ మాటలు చెప్పేది నెలకింత అని టార్గెట్ నెత్తిన మోస్తున్న కుర్రాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి ఆ మాటలు రాసిచ్చి చదవమన్నవాళ్ల మీదే.

ఇక షాపు సంగతి. అక్కడ హక్కు లేదనడానికి చెప్పే కారణం పాతది. మనసు మార్చుకునే గడువు అన్న ఆలోచన బ్రిటన్‌లో 1964 నాటి హైర్ పర్చేజ్ చట్టంతో వచ్చింది. అప్పట్లో సేల్స్‌మన్లు ఇంటింటికీ తిరిగి, వంటింట్లో ఉన్న మనిషి చేత వాయిదాల కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు. అందుకని నాలుగు రోజుల గడువిచ్చారు. తర్వాత యూరప్ డైరెక్టివులు వచ్చాయి, 1985లో ఇంటిముందు అమ్మకాలకి, 1997లో దూరం అమ్మకాలకి. చివరికి 2011 నాటి డైరెక్టివు 14 రోజులు చేసింది. ఈ చరిత్ర అంతటికీ ఒకటే నమ్మకం పునాది: ఇంట్లో ఉన్నవాడు ఒత్తిడికి లొంగుతాడు, దూరాన ఉన్నవాడు వస్తువు చూడలేడు, షాపుకొచ్చినవాడు మాత్రం తన ఇష్టంతో వచ్చి, చూసి, తెలిసి కొంటాడు.

కుర్చీకీ బల్లకీ ఆ మాట నిజం. మొబైల్ కాంట్రాక్టుకి ముమ్మాటికీ కాదు. షాపులో చూడగలిగేది ఫోను ఒక్కటే. కొనేది మాత్రం రెండేళ్ల సర్వీసు. ఆ కంపెనీ సిగ్నల్ మన బేస్‌మెంట్ గదిలో అందుతుందో లేదో షాపులో నిలబడి ఎవరు చూడగలరు? పనికి వెళ్లే దారిలో ఇంటర్నెట్ ఆగిపోతుందో లేదో అక్కడ ఎలా తెలుస్తుంది? మొదటి బిల్లు వచ్చేదాకా అందులో ఏమేం కలిపారో ఎవరికి తెలుసు? చూడకుండా కొన్నవాడికి రక్షణ ఇవ్వాలన్నదే చట్టం ఉద్దేశమైతే, మొబైల్ సర్వీసును షాపులో కొన్నవాడు కూడా చూడకుండానే కొన్నాడు. ఒత్తిడికి లొంగినవాడికి రక్షణ ఇవ్వాలన్నదైతే, ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, ఈ ఆఫర్ ఇవాళ్టితో అయిపోతుందని చెప్పే మనిషి ముందు ఉండే ఒత్తిడి వెబ్‌సైట్ ముందు ఎక్కడుంది? వెబ్‌సైట్ మూసేసి పడుకోవచ్చు. ఎదుటి మనిషికి మొహం మీద వద్దని చెప్పడం మన పిల్లల్లో చాలామందికి చేతకాదు. పెద్దవాళ్లకీ చేతకాదు.

ఆ 2013 రెగ్యులేషన్లలోనే దీనికి సాక్ష్యం ఉంది. మాల్‌లో నడిచిపోతున్న మనిషిని షాపు బయట ఆపి, ముఖాముఖి మాట్లాడి, ఆ వెంటనే లోపలికి తీసుకెళ్లి సంతకం పెట్టించుకుంటే, అది షాపు బయట చేసిన ఒప్పందంగానే లెక్క. 14 రోజుల హక్కు వస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ, గుర్తుపెట్టుకోండి. పది అడుగుల దూరంలో మొదలైన మాటలకు ఒత్తిడి ఉంటుందని చట్టం ఒప్పుకుంది. అదే మాటలు గుమ్మం లోపల మొదలైతే ఒత్తిడే లేదంటుంది. ఏ బుద్ధితో ఈ గీత గీశారు?

షాపులో మోసపోతే వేరే దారులున్నాయని వాదించేవాళ్లున్నారు. ఉన్నాయి, నేను కాదనను. ఫోను పాడైనదైతే 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం కింద 30 రోజుల లోపు తిరిగిచ్చేసి డబ్బు అడగొచ్చు. తప్పుదారి పట్టించి అమ్మితే 90 రోజుల లోపు ఒప్పందాన్ని వెనక్కి తిప్పే హక్కు 2014 నుంచి ఉంది. కానీ సేల్స్ కుర్రాడు నోటితో అన్నమాటకి రుజువేది? నిరుడే దేశానికి వచ్చిన పిల్లవాడు ఆ యాసలో, ఆ వేగంలో సగం అర్థం చేసుకుని తల ఊపితే, తల ఊపినందుకు రుజువు టాబ్లెట్‌లో ఉంటుంది, అన్నమాటకి ఎక్కడా ఉండదు. ఫోనుని విడిగా అప్పు ఒప్పందం కింద రాస్తే ఆ అప్పు నుంచి 14 రోజుల్లో తప్పుకునే హక్కు కన్స్యూమర్ క్రెడిట్ చట్టం ఇస్తుంది, షాపులో రాసినా సరే. కానీ దాని ఒక్కదాన్నే పట్టుకుంటే ఫోను మనకే మిగిలి, ఖరీదు మొత్తం 30 రోజుల్లో కట్టాల్సి వస్తుంది. వాయిదాల్లో కట్టలేకనే కదా ఆ పిల్లవాడు తప్పుకోవాలనుకున్నది!

రద్దు చేయడం కుదిరినా కష్టం తీరదు. అప్‌గ్రేడ్ రద్దయింది, బాగుంది. మరి పాత కాంట్రాక్టు? ఆ ప్లాను ఇప్పుడు అమ్మట్లేదంటారు. పాత ధరకి తిరిగి రాలేరంటారు. నంబరు పోతుందేమోనన్న భయం ఒకటి. పాత ఫోను ఎక్స్‌చేంజిలో అప్పుడే వెళ్లిపోయి ఉంటుంది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, కొత్త సంతకం పడగానే పాత దారి మూసేస్తారు. రద్దు చేసుకున్నవాడిని ముందున్న చోటే, ముందున్న ధరకే తిరిగి నిలబెట్టాలని రెగ్యులేషన్లలో ఒక్క వాక్యం స్పష్టంగా రాసి ఉంటే ఈ బెదిరింపు చెల్లేది కాదు. వెనక్కి వెళ్లడానికి చోటు లేనివాడికి వెనక్కి వెళ్లే హక్కు ఇచ్చి ఏం లాభం?

కంపెనీల తరఫున వినిపించే వాదన ఒకటే: షాపులో అందరికీ 14 రోజులిస్తే వాడిన ఫోన్లు కుప్పలుగా తిరిగొస్తాయని. ఆన్‌లైన్‌లో అమ్మిన ఫోన్లు తిరిగి రావడం లేదా? ఆ కంపెనీలు మూతపడ్డాయా? వాడి పాడుచేస్తే కోసుకునే వీలు చట్టంలో అప్పుడే ఉంది. మేము మర్యాదకి తిరిగి తీసుకుంటున్నాం కదా అనే షాపులూ ఉన్నాయి. మర్యాద మేనేజరు మారితే మారుతుంది. మాకు కావాల్సింది మేనేజరు మారినా మారనిది.

చేయలేని పని కాదిది. మన దేశంలోనే చూడండి. బీమా పాలసీకి ఫ్రీ లుక్ గడువు ఇదివరకు మామూలుగా 15 రోజులు, దూరం నుంచి కొంటే 30. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఆ తేడా తీసేసి, ఏ దారిలో కొన్నా 30 రోజులు చేసింది. బ్రిటన్‌లోనూ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తలుచుకుంటే గట్టిగా నిలబడుతుంది. కాంట్రాక్టు మధ్యలో ద్రవ్యోల్బణం పేరు చెప్పి ధర పెంచే నిబంధనను 2025 జనవరి 17 తర్వాతి ఒప్పందాల్లో నిషేధించింది, ఎంత పెంచుతారో పౌండ్లలో, పెన్నీల్లో ముందే రాయమంది. 2022 జూన్ నుంచి సంతకానికి ముందే కాంట్రాక్టు సారాంశం చేతికివ్వాలంటోంది. ఇవన్నీ మంచివే. కానీ ఆ సారాంశం చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, చదవడానికి టైమివ్వకుండా సంతకం అడిగితే ఆ కాగితం ఎవరిని కాపాడుతుంది? ఇంటికి తీసుకెళ్లి, చదివి, వద్దనుకునే వీలుంటేనే దానికి విలువ.

కాబట్టి వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటన్ పార్లమెంటులో, కూర్చున్నవాళ్లని సూటిగా అడుగుతున్నాను. ఏడాదికి మించి కట్టిపడేసే ప్రతి మొబైల్ కాంట్రాక్టుకీ, ప్రతి అప్‌గ్రేడ్‌కీ, ఎక్కడ సంతకం పెట్టినా 14 రోజులివ్వండి. రద్దు చేసుకున్నవాడికి పాత ప్లాను పాత ధరకి తిరిగివ్వమని కంపెనీని ఆదేశించండి. హక్కు ఉందన్న మాట అమ్మేవాడే సంతకానికి ముందు నోటితో చెప్పాలని రాయండి. అవి వచ్చేదాకా, అక్కడున్న మన పిల్లలకు నేను చెప్పేది ఇది: షాపులో సంతకం పెట్టకండి. ఫోను అక్కడ చూసుకోండి, చేతిలోకి తీసుకోండి, ధర రాసుకోండి, బయటికి వచ్చేయండి. అప్‌గ్రేడ్ ఇంటికి వెళ్లి వెబ్‌సైట్లో తీసుకోండి. వద్దనుకుంటే ఫోను అందిన 14 రోజుల లోపు ఈమెయిల్ పంపండి, తేదీ కనిపించేలా కాపీ దాచుకోండి. వాళ్లు ఒప్పుకునేదాకా డైరెక్ట్ డెబిట్ మాత్రం ఆపకండి.