ఒక్క నక్షత్రం.. వంద అనుమానాలు

* కొత్త ఫోను కొనేముందు చెడు రివ్యూలకే ఓటు
* లోపమేదో, కోపమేదో చూసుకోవాల్సిందే

తిరునిన్రవూరు: పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టిన ఊరిది. ఇప్పుడు మనసులోనే ఫోన్లను కూలగొట్టేస్తున్నారు. చేత్తో పట్టుకుని చూడకముందే 'అది వేడెక్కుతుందంట', 'దానికి గీత పడుతుందంట' అని పక్కన పెట్టేయడమే.

నాలుగు వేల మంది బాగుందని రాసినా నలుగురు తిట్టిందే కంట పడుతుంది. అందులో తప్పూ లేదు. పదిహేను వేల రూపాయలంటే మన తిరుత్తణి, పళ్లిపట్టు వైపు ఎన్నో ఇళ్లలో నెల జీతం. అదీ వాయిదాల మీద. ఫోను చెడిపోయినా వాయిదా ఆగదు కదా! సర్వీస్ సెంటర్ కోసం ఊరు దాటితే ఒక రోజు పని పోయినట్టే. అందుకే భయపెట్టే మాటకు బరువెక్కువ. ఇది మనవాళ్ల తీరొక్కటే కాదు. అమెరికాలో చెవాలియర్, మేజ్లిన్ అనే పరిశోధకులు ఆన్‌లైన్‌ పుస్తకాల అమ్మకాలు పరిశీలించి 2006లో ఇదే చెప్పారు. అయిదు నక్షత్రాల రివ్యూ చేసే మేలుకన్నా ఒక్క నక్షత్రం రివ్యూ చేసే చేటు ఎక్కువని తేల్చారు.

పేలింది ఒకటి.. పేరు అన్నిటికీ

2016 ఆగస్టులో విడుదలైన సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నాయి. సెప్టెంబరు 2న కంపెనీ సుమారు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. మార్చి ఇచ్చినవీ అంటుకోవడంతో అక్టోబరులో తయారీయే ఆపేసింది. మన దేశంలో అప్పటికి అమ్మకమే మొదలుకాలేదు. ఇంతలో సెప్టెంబరు 23న సింగపూరు నుంచి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో, పైఅరలో పెట్టిన సంచిలోంచి పొగలొచ్చాయి. తీసి చూస్తే నోట్ 2! అది 2012 నాటి వేరే ఫోను. విమానం క్షేమంగానే దిగింది. ఆ తర్వాత విమానయాన డైరెక్టరేట్ నోట్ ఫోన్లన్నిటి విషయంలోనూ జాగ్రత్తలు చెప్పింది. 2017 జనవరిలో సామ్‌సంగ్ కారణం బయటపెట్టింది. నోట్ 7కు రెండు సంస్థలు ఇచ్చిన బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలున్నాయి. అంటే చెడ్డపేరు అబద్ధం కాదు. కాకపోతే అది ఒక్క మోడల్ దగ్గర ఆగలేదు.

డబ్బిచ్చి తిట్టించారు

కొన్ని తిట్లకు లోపంతో పనే లేదు. 2013లో తైవాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ సామ్‌సంగ్‌కు కోటి తైవాన్ డాలర్ల జరిమానా వేసింది. పోటీదారు హెచ్‌టీసీ ఫోన్లను తిడుతూ, తన ఫోన్లను పొగుడుతూ ఆన్‌లైన్‌లో రాయడానికి మనుషుల్ని పెట్టిందన్నది అభియోగం. ఇక 2017 ఏప్రిల్‌లో మన దేశంలో జరిగింది మరీ విడ్డూరం. స్నాప్‌చాట్ మీద కోపమొచ్చిన కొందరు పేరు కలిసిందని స్నాప్‌డీల్ యాప్‌కు ఒక్క నక్షత్రమిచ్చి పోయారు.

అయితే అన్నిటినీ ఇదే గాటన కట్టలేం. వన్‌ప్లస్ ఫోన్ల తెర మీద పచ్చగీత పడుతోందని వాడేవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అటు 2024 మే 1 నుంచి ఆ ఫోన్లు అమ్మబోమని దక్షిణాది రిటైలర్ల సంఘం ప్రకటించింది. తక్కువ కమీషన్‌తో పాటు వారంటీ పరిష్కారంలో జాప్యం కూడా వాళ్ల ఫిర్యాదే. ఆ ఏడాదే పచ్చగీతకు జీవితకాల వారంటీ ఇస్తామని కంపెనీ చెప్పింది. అన్నీ అసూయ రాతలేనని కొట్టిపారేసి ఉంటే ఆ వారంటీ వచ్చేదా?

కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టడం కన్నా తిట్టును చదవడం మేలు. 'డెలివరీ ఆలస్యమైంది', 'డబ్బా నలిగింది' అన్నవి ఫోను తప్పులు కావు. ఫోనొచ్చిన మర్నాడే రాసిన పొగడ్తకూ పెద్ద విలువ లేదు. ఆరు నెలలు వాడాక, ఒకే మోడల్‌లో ఒకే లోపాన్ని, ఎక్కడెక్కడి వాళ్లో చెబుతుంటే అప్పుడు ఆగాలి. ఇంట్లో నాన్న తెలుగు వీడియో, కొడుకు తమిళ వీడియో చూసే మనకు ఇందులో ఒక వెసులుబాటుంది. రెండు భాషల్లోనూ అదే లోపం వినబడితే అది ఒకరి కోపం కాకపోవచ్చు.

దొంగ రివ్యూల కట్టడికి కేంద్రం 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. పాటించడాన్ని మాత్రం కంపెనీల ఇష్టానికే వదిలింది. కొన్న ఫోనుకు న్యాయం జరగకపోతే రివ్యూతో సరిపెట్టుకోనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు. తమిళంలోనే కాదు, తెలుగులోనూ చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే తిరువళ్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బిల్లు మాత్రం దాచుకోవాలి.